టిఫా స్కాన్‌లో తెల్ల చుక్క.. బిడ్డ గుండెకు ప్రమాదమా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. మావారు నాకు సొంత మేనమామ కొడుకే. మూడో నెలలో చేసిన, బిడ్డ మెడ వెనక నీటి పొరను కొలిచే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష బాగానే ఉన్నాయన్నారు. మొన్న 20వ వారంలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తీస్తే బిడ్డ గుండెలో తెల్ల చుక్క ఉందని రాసి, బిడ్డ గుండెను వివరంగా చూసే ఫీటల్ ఎకో స్కాన్ చేయించుకోమన్నారు. మిగతా అంతా నార్మల్ అనే ఉంది. మా ఆడపడుచు కొడుక్కి గుండెలో రంధ్రం ఉంటే రెండో ఏట ఆపరేషన్ అయింది. రిపోర్టు చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్ని స్కానింగులు బిడ్డకు మంచివి కావని అత్తమ్మ వద్దంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: ముందు ఆ చుక్క సంగతి తేల్చేద్దామమ్మా. రిపోర్టులో దాన్ని ‘ఎకోజెనిక్ ఇంట్రాకార్డియాక్ ఫోకస్’ అని రాసి ఉంటారు. పేరు చదివితే గుండె ఝల్లుమంటుంది కానీ, అది గుండె జబ్బు కాదు. గుండె లోపలి చిన్న కండరంలో కాస్త కాల్షియం చేరితే స్కాన్‌లో ఆ చోటు ఎముకలా తెల్లగా మెరుస్తుంది. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు గర్భిణుల స్కాన్‌లో ఇది కనిపిస్తుంది. మన ఆసియా వాళ్లలో ఇంకాస్త ఎక్కువ. బిడ్డ గుండె పనితీరుకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మరి ఎందుకు రాస్తారంటే, డౌన్ సిండ్రోమ్ (తెలివితేటలు, ఎదుగుదల మందగించే పుట్టుకతో వచ్చే జన్యులోపం) ఉన్న పిల్లల్లో ఈ చుక్క కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి. ఆ అవకాశాన్ని అంచనా వేసే మీ డబుల్ మార్కర్ బాగుంది, టిఫాలో వేరే లోపం లేదు. కాబట్టి చుక్కను ఇక్కడితో వదిలేయండి. ఈ నాలుగు ముక్కలు మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే సరిపోయేది. కాగితం చేతిలో పెట్టి పంపేస్తే తల్లులు ఫోన్‌లో వెతుక్కుని టెన్షన్ పడక ఏం చేస్తారు?

అయినా ఫీటల్ ఎకో చేయించుకోండి. చుక్క కోసం కాదు, మేనరికం కోసం, మీ ఆడపడుచు బాబు కోసం. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఎనిమిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయితే ఆ అవకాశం కొంత పెరుగుతుంది. గర్భం రాకముందు నుంచే షుగర్ ఉన్నవాళ్లకు, కొన్ని రకాల ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, ఎన్‌టీ ఎక్కువగా వచ్చినవాళ్లకు కూడా ఇదే పరీక్ష రాస్తాం.

టిఫాలో గుండెను చూశారు కదా, మళ్లీ ఎందుకు అనిపించొచ్చు. టిఫాలో తల నుంచి కాలి వేళ్ల దాకా అన్నీ చూడాలి. గుండె నాలుగు గదులూ సరిగ్గా ఉన్నాయని తేలినా, వాటి నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి ఉండొచ్చు. ఈ లోపమున్న బిడ్డ కడుపులో హాయిగానే పెరుగుతుంది. ఆక్సిజన్ మాయ నుంచి అందుతుంది కాబట్టి తేడా తెలియదు. పుట్టిన కొన్ని గంటల్లోనే ఒళ్లు నీలంగా మారిపోతుంది. ముందే తెలిస్తే పిల్లల గుండె డాక్టర్లున్న ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకుంటాం. పుట్టగానే మందు ఎక్కిస్తారు, తొలి వారాల్లోనే నాళాలను సరిచేసే ఆపరేషన్ చేస్తారు. తెలియకపోతే అర్ధరాత్రి పసికందుతో అంబులెన్స్‌లో హైదరాబాద్ దారి పట్టాలి. ఫీటల్ ఎకో విలువ అక్కడ ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కిందికి వస్తాయి, ఖర్చు గురించి ఇప్పుడే బెంగపడొద్దు.

అత్తమ్మ గారి మాటకొస్తే, స్కాన్‌లో వాడేది శబ్ద తరంగాలు. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఇందులో ఉండదు. వీలైతే ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. ఈ వారాల్లో బిడ్డ గుండె చిన్న రేగుపండంత ఉంటుంది, నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటుంది. స్కాన్ తెర మీద కలర్ వేసినప్పుడు రక్తం ఎరుపు, నీలం రంగుల్లో పారడం చూస్తే ఆవిడ భయం సగం పోతుంది. బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంటే గుండె సరిగా కనిపించదు. అప్పుడు మిమ్మల్ని పక్కకు తిరగమంటారు, లేదంటే కాసేపు నడిచి రమ్మంటారు. డాక్టర్ మాట్లాడకుండా తెర వైపే చూస్తుంటే ఏదో అయిందని కంగారుపడకండి. అది కొలతలు తీసుకునే మౌనం.

ఆలస్యం మాత్రం చేయొద్దు. ఈ పరీక్షకు 18 నుంచి 24 వారాలు సరైన సమయం. మీరు వచ్చే రెండు వారాల్లో ముగించండి. తీవ్రమైన లోపమేదైనా బయటపడితే ఆలోచించుకోవడానికి, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి వ్యవధి ఉండాలి.

రిపోర్టు నార్మల్ వచ్చినా ఒక మాట గుర్తుంచుకోండి. గుండెలో చిన్న చిన్న రంధ్రాలు ఈ స్కాన్‌కు దొరకకపోవచ్చు. పైగా కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డ గుండె దగ్గరా రెండు దారులు తెరిచే ఉంటాయి. పుట్టాక అవి మూసుకుంటాయో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. అందుకని కాన్పయిన మర్నాడు బిడ్డ కుడిచేతికి, ఒక పాదానికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడమని అడగండి. అది 95 శాతం కంటే తగ్గితే పిల్లల డాక్టర్ మళ్లీ చూడాలి. ఇంటికొచ్చాక పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆయాసపడుతున్నా, నుదుటి మీద చెమట పడుతున్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా చూపించండి. పెదాలు, నాలుక నీలంగా మారితే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫీటల్ ఎకోకు వెళ్లేటప్పుడు మీ రిపోర్టులతో పాటు మీ ఆడపడుచు బాబు ఆపరేషన్ కాగితాలు కూడా అడిగి తీసుకెళ్లండి. ఇంట్లో అందరూ ‘గుండెలో రంధ్రం’ అని చెప్పుకునేది ఒక్కోసారి వేరే జబ్బు అయి ఉంటుంది. దాని అసలు పేరు తెలిస్తే స్కాన్ చేసే డాక్టర్ ఆ చోట ఇంకాస్త నిదానంగా చూస్తారు.