తరచూ ఆఫీసు పనిమీద వెళ్లేవాళ్లు సిటీ సెంటర్‌లోనే హోటల్ తీసుకోవాలా?

అక్కర్లేదు, ఊరి నడిబొడ్డుకు దూరమైనా సరే, పని జరిగే చోటికి దగ్గర్లో తీసుకోవడమే మంచిది. నెలనెలా వచ్చేవాళ్లను అలసిపోయేలా చేసేది పొద్దున తొమ్మిదింటి ట్రాఫిక్.

హైదరాబాద్‌నే తీసుకోండి. మీటింగులు ఐటీ ఆఫీసులుండే గచ్చిబౌలిలో ఉంటే, ఊరి నడిబొడ్డునున్న అబిడ్స్‌లో దిగడం దండగ. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అవుటర్ రింగ్ రోడ్డెక్కితే ఊళ్లోకి రాకుండానే, సిగ్నళ్ల టెన్షన్ లేకుండా గచ్చిబౌలి చేరొచ్చు. సికింద్రాబాద్‌లో రైలు దిగేవాళ్లకు 2019 నుంచి గచ్చిబౌలి పక్కనున్న రాయదుర్గం దాకా మెట్రో ఉంది.

సెంటర్‌కు దూరమంటే చవక అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఐటీ ఆఫీసుల మధ్య హోటళ్లలో పనిదినాల్లో రేట్లు బాగానే ఉంటాయి. మరీ దూరంగా చవక గది దొరికితే రెండుపూటలా క్యాబ్ ఖర్చు కలిపి లెక్కేయండి. రాత్రి పదింటికి తిరిగొస్తే భోజనం ఉంటుందో లేదో ముందే అడగండి.