బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు కొనబోయే అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. పాట మధ్యలో వినిపించే ఆ కీచుమనే చప్పుడు తీగది, దాన్ని నీ వేళ్ల మీదికి నెట్టకు. రౌండ్‌వౌండ్ తీగ మీద చుట్టేది గుండ్రటి వైరు కాబట్టి గాడులు గాడులుగా ఉంటుంది, వేలు జరిగినప్పుడల్లా గీరుకుంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కి పైచుట్టు చదునైన రేకు, చేతికి నున్నగా తగులుతుంది. మారుద్దామన్న ఆలోచన బాగుంది. కానీ నీ లిస్టులో అన్నీ బ్రాండ్ పేర్లే, ఒక్కదాని పక్కనా గేజ్, అంటే తీగ లావు, రాయలేదు. అసలు చూడాల్సింది అదే.

ముందు ఒకటి తేల్చుకో. ఫ్లాట్స్ మీద స్లాప్ కొడితే, అంటే బొటనవేలితో తీగని బాదితే, ఆ టంగుమనే మోత రాదు. నెలకో పాట కోసమైతే పట్టించుకోకు. మీ బ్యాండ్‌లో సగం పాటలు అవే అయితే మాత్రం ఈ బేస్‌కి తీగలు మార్చకు, ఫ్లాట్స్ కోసం పాత బేస్ ఇంకొకటి చూసుకో. అలాగని ఇవి మెత్తటి పాటలకే పనికొస్తాయనీ కాదు. ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండ్‌లో స్టీవ్ హ్యారిస్ వాయించేది ఫ్లాట్స్ మీదే, అవీ బాగా లావువి.

మీ కుర్రాళ్లందరూ పాతకాలపు బేస్ వాద్యకారుడు జేమర్సన్ పేరు చెప్పి లా బెల్లా 52-110 సెట్ (సన్న తీగ 52, లావుది 110, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కొంటున్నారు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి వాయించిన ఆయన తీగలు లావుగా ఉండేవి, ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) నుంచి బాగా ఎత్తుగా ఉండేవి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. అదంతా నిజమే. కానీ ఆయన మొదలుపెట్టింది డబుల్ బేస్ మీద. ఆ చేతులకి 110 ఒక లెక్క కాదు. పైగా కుడిచేత్తో మీటింది ఒక్క చూపుడు వేలితోనే. ఆ సెట్ నీ బేస్‌కి వేస్తే రెండో పాటకే ఎడమచెయ్యి పట్టేస్తుంది. నీ నట్‌లో, అంటే మెడ పైచివర తీగలు ఆనే పట్టీలో, గాడి 105కి కోసింది, 110 అందులో కూర్చోక పైన తేలుతుంది. అప్పుడు గాడి వెడల్పు చేయించాలి, మళ్లీ సన్నవి వేద్దామంటే ఆ గాడిలో కదులుతాయి.

అంకె ఒకటే చూసినా చాలదు, టెన్షన్, అంటే తీగ బిగువు, కూడా అడుగు. థొమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్‌లో ఇ తీగ (అన్నిటికంటే లావుది) 100, డాడారియో క్రోమ్స్ 45-100 సెట్‌లోనూ ఇ తీగ 100. కాగితం మీద రెండూ ఒకటే. చేతికి మాత్రం థొమాస్టిక్ వదులుగా, కొంచెం సాగినట్టుగా ఉంటుంది, క్రోమ్స్ బిర్రుగా ఉంటాయి. లోపలి కోర్, చుట్టు తేడా వల్ల బరువు మారుతుంది, బరువుతో పాటు లాగుడు మారుతుంది. నీలా గట్టిగా మీటేవాడికి థొమాస్టిక్ ఫ్రెట్లకి కొట్టుకుని గిలగిలలాడుతుంది. నా మాట విని క్రోమ్స్ 45-100 తీసుకో. ఖరీదు రౌండ్‌వౌండ్ కంటే ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. మన విశాఖ ఉక్కకి రౌండ్ తీగల గాడుల్లో చెమట, మురికి చేరి మోత చచ్చిపోతుంది, వీటికి ఆ బాధ తక్కువ. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఎవరైనా వాడిన ఫ్లాట్స్ అమ్ముతామంటే మొహమాటపడకుండా తీసుకో. పాతబడే కొద్దీ వీటి గొంతు ఇంకా బాగుంటుంది. ఒక్కటే చూసుకో, చివర ఎక్కడ కోశారో. నీది 34 అంగుళాల స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు. పొట్టి స్కేల్ బేస్‌కి కోసిన తీగ నీ శ్రుతి మేకుల దాకా అందదు. తీగ చివర గుడ్డదారం చుట్టిన భాగం నట్ దాటాకే మొదలవ్వాలి, మేకుకి చుట్టుకోవాల్సింది ఆ భాగమే. లావు భాగాన్ని మేకు చుట్టూ వంచితే పైరేకు విచ్చుకుని తీగ మూగబోతుంది. కోసే ముందు, కోయబోయే చోటుకి కాస్త ఇవతల ప్లయర్‌తో నిలువుగా వంచి, ఆ వంపు అవతల కొయ్యి. వంచకుండా కోశావంటే లోపల చుట్టు జారిపోతుంది.

నాలుగు తీగలూ ఒకేసారి విప్పకు, ఒక్కొక్కటే మార్చు. శ్రుతి చేశాక ఒక రాత్రి వదిలేసి, ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరే. ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) పావు తిప్పు బిగించి మర్నాడు మళ్లీ చూడు, ఒకేరోజు రెండుసార్లు తిప్పకు. ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉందా అన్నది) కూడా సరిచూసుకో, బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిళ్లు కొంచెం జరపాల్సి రావచ్చు.

క్రోమ్స్ కొత్తలో గలగలమంటాయి. ఇదేంటి, మామయ్య చెప్పింది ఇలా లేదే అని ఫోన్ చెయ్యకు, కొన్ని వారాలు వాయించు. చర్చిలో నీ బేస్ వినపడటం లేదని ఎవరైనా అంటే మిక్సర్ దగ్గరున్న తమ్ముణ్ణి 'లో' (అడుగు స్వరాలు) పెంచనివ్వకు, హాలంతా గుయ్యిమంటుంది. మిడ్స్, అంటే మధ్య స్వరాలు, 700 హెర్ట్జ్ ప్రాంతంలో కాస్త ఎత్తమను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య