మెనూలో ‘ఇల్లు’ ఎందుకురా?

కర్నూలు

చిరంజీవి మధుకు, మామ ఆశీస్సులు.

ఆదోని విత్తనాల కొట్టుకు నువ్వు చేస్తున్న సైటు తెరిచి చూశాను. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ పెట్టావు, సంతోషం. మెనూలో మొదటి మాట ‘ఇల్లు’ అని చూసి మీ అత్త, ‘విత్తనాలాయన ఇల్లు కూడా అమ్ముతున్నాడా?’ అంది. ‘హోమ్’ అనే ఉంచరా, డిక్షనరీ మూసెయ్.

‘వేరుశనగ’ సంగతీ అంతే. మన పల్లెల్లో బుడ్డలంటారు, అనంతపురం పక్క చెనిక్కాయలు, బళ్ళారి నుంచి వచ్చే రైతుకు శేంగా. మెనూలో ఒక పేరే పెట్టు కానీ, సెర్చ్‌లో ఏది కొట్టినా అదే పేజీ రావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో బుడ్డలు అని కొట్టినా సరే.

అసలు పని ఉర్దూ దగ్గరుంది. అక్షరాలు మార్చి ఊరుకున్నావు, మెనూ ఇంకా ఎడమ పక్కే ఉంది. కుడి నుంచి చదివేవాడి కన్ను ముందు కుడి పక్కకే పోతుంది కదా! పేజీని రాసే హెచ్‌టీఎంఎల్‌లో డైరెక్షన్‌ను ఆర్‌టీఎల్, అంటే కుడి నుంచి ఎడమకు, చేస్తే పేజీ చాలావరకు తిరుగుతుంది. పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లో నువ్వు లెఫ్ట్, రైట్ అని రాసినవి మాత్రం తిరగవు, వాటిని స్టార్ట్, ఎండ్‌గా, అంటే చదవడం మొదలయ్యే పక్క, ముగిసే పక్కగా మార్చుకో. వెనక్కి పోయే బాణం కుడికి చూడాలి. అలాగని అన్నీ తిప్పకు, వీడియో ప్లే గుర్తు ఎట్లుందో అట్లే ఉండనీ. ఫోన్ నంబరుతో జాగ్రత్త. ఒకసారి ఒక ఫంక్షన్ హాలు సైటులో అయిదంకెలు, ఖాళీ, మళ్ళీ అయిదంకెలు అని రాశాను. ఉర్దూ పేజీలో వెనక అయిదూ ముందుకొచ్చి కూర్చున్నాయి! ఓనరు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. నంబరు ఒక్కదానికి విడిగా ఎల్‌టీఆర్, అంటే ఎడమ నుంచి కుడికి, ఇవ్వు.

‘పత్తి విత్తనాలు’ బటన్‌లో ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఇంగ్లీషు మాటకు సరిపోయే ఎత్తు ఖాయం చేశావు, ఆ కొలత తీసెయ్.

భాష ఎంచుకునే చోట జెండాలు తీసెయ్. తెలుగుకు ఏ జెండా పెడతావు? ఉర్దూకు పక్క దేశం జెండా పెడితే మన ఆదోని సాయిబులు కొట్టు మెట్లెక్కుతారా? ఏ భాష పేరు ఆ లిపిలోనే రాయి, చాలు. భాష మార్చితే చూస్తున్న పేజీలోనే ఉండాలి, మళ్ళీ మొదటికి తోలకు.

ఇవన్నీ సరిచేశాక ఒక పూట కొట్లో కూర్చో. మూడు భాషల వాళ్ళకూ ఫోన్ ఇచ్చి, ‘పత్తి విత్తనాల ధర చూడండి’ అని చెప్పి నోరు మూసుకో. వేలు ఎక్కడ ఆగుతుందో రాసి నాకు పంపు.

మీ మామ