మరిదికి డయాలసిస్, పిల్లకు డిగ్రీ: పండగ ఎలా చెయ్యాలంటే

చెల్లీ,

పిల్ల బీఎస్సీ పాసైందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మరిది కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉండగా పండగేటి, ఊళ్లో ఏమనుకుంటారో అని వెనకాడుతున్నావట. చెయ్యి తల్లీ. ఆయనకు నెమ్మదించాక చేద్దామని ఆపితే, పిల్ల పాసవడం ఇంట్లో ఎవరూ ఎత్తకూడని మాటైపోతుంది. కాకపోతే ఆయన ఒంటికి తగ్గట్టు చెయ్యాలి.

ముందుగా ఏ రోజు చెయ్యాలో చూసుకో. అందరికీ వీలని ఆదివారం అంటారు, ఒప్పుకోకు. ఆయనకు సోమ, బుధ, శుక్రవారాలు కదా. శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారం దాకా డయాలసిస్ లేదు. ఆదివారానికి ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోయి ఉంటాయి. తిండిలోంచి వచ్చే ఆ పొటాషియం ఎక్కువైతే గుండెకే ముప్పు. విందుకు వారంలో అంతకన్నా చెడ్డ రోజు లేదు. శనివారమో గురువారమో పెట్టు. డయాలసిస్ అయిన రోజు సాయంత్రం కూడా వద్దు, నీరసంగా ఉంటుంది, బీపీ పడిపోవచ్చు. చుట్టాలు వస్తున్నారని ఒక్కసారి కూడా డయాలసిస్ మానిపించకు. పొద్దున్న పదింటికి మొదలెట్టి ఒంటిగంటకు ముగించు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను మొహమాటపడకుండా రావద్దని చెప్పు.

వంట విషయంలోనే అసలు జాగ్రత్త. నలభై మందికి మూడు కిలోల బియ్యంతో నిమ్మకాయ పులిహోర, కిలో రవ్వతో కేసరి, ఒక కూర, పెరుగన్నం చాలు. చింతపండులో పొటాషియం ఎక్కువ, అందుకే నిమ్మకాయ. ఇరవై కాయలు పడతాయి, రసం అన్నం చల్లారాకే కలుపు, వేడి మీద పోస్తే చేదెక్కుతుంది. కేసరికి పంచదార కిలోంబావు, నీళ్లు మూడు లీటర్లు, నెయ్యి నాలుగు వందల గ్రాములు. బెల్లం వద్దు, అందులోనూ పొటాషియమే. రవ్వ కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మరిగే నీళ్లలో ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపాలి, లేకపోతే ఉండ కడుతుంది.

జీడితోటల ఉద్దానంలో జీడిపప్పు లేకుండా కేసరి ఏటని ఎవరైనా అంటారు. జీడిపప్పు విడిగా వేయించి గిన్నెలో ఉంచు, కావలసినవాళ్లు పైన చల్లుకుంటారు. మరిదికి జీడిపప్పు, కొబ్బరినీళ్లు, అరటిపండు, పనస ఏదీ వద్దు. ఆయనకు ఆపిల్ ముక్కలు రెండు పెట్టు. ఆయన వాటా పులిహోర ఉప్పు వేయకముందే తీసి పక్కన పెట్టి, సగం ఉప్పుతో కలుపు. సోడియం తక్కువని అమ్మే ఉప్పు పొరపాటున కూడా వాడకు. దాన్ని పొటాషియంతో చేస్తారు. కూరముక్కలు చిన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ బోలెడు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు కూడా వంపెయ్.

డాక్టరు రోజుకెన్ని నీళ్లు తాగమన్నారో అన్నీ పొద్దున్నే ఒక సీసాలో పోసి ఉంచు. మజ్జిగో చారో తీసుకుంటే అంత సీసాలోంచి ఒంపెయ్. చుట్టాలు ప్రేమకొద్దీ గ్లాసు మీద గ్లాసు అందిస్తారు, సీసా ఒకటుంటే నువ్వు గొడవ పడక్కర్లేదు. తిన్నాక కాళ్లూ చేతులూ లాగేసినట్టున్నా, గుండె దడగా ఉన్నా, ఆయాసం వచ్చినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అప్పు చేసి టెంటు, డీజే వద్దు. ఉన్న డబ్బుల్లోంచి ముందు ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమో, టీసీ తెచ్చుకోండి. ఒక్కోటి పది జిరాక్సులు తీయించి, డిజీలాకర్లో కూడా చూసుకోమను.

ఇంకొక మాట. నలుగురిలో ఎవరూ పిల్లతో "ఇక నాన్నను నువ్వే చూసుకోవాలి" అనకుండా ముందే చెప్పి పెట్టు. ఆ బరువు ఆమెకు తెలియనిది కాదు, ఆ ఒక్క పూటైనా దాన్ని దించుకోనీ.

సర్టిఫికెట్ మరిది చేత్తోనే ఇప్పించు. ఆయన కుర్చీలోనే కూర్చోనీ. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేతికి వాచీ, బిగుతు చొక్కా వెయ్యొద్దు, ఆ చేతిని ఎవరూ పట్టి లాగకూడదు. ఫోటోలో పిల్లను రెండో చేతివైపు నిలబెట్టు, ఆయన భుజమ్మీద చెయ్యి వేసుకుని హాయిగా నిలబడుతుంది.

మీ అప్ప