రెగ్యులేటర్ ఏది కొనాలి?

ప్రశ్న: సార్, మాది పూసపాటిరేగ. డైవింగ్ కోర్సు అయిపోయింది, సొంతంగా రెగ్యులేటర్ కొందామనుకుంటే షాపాయన బాలన్స్‌డ్ తీసుకో అంటాడు, అది డబుల్ రేటు. తేడా ఏటండి?

జవాబు: తేడా ఉంది బాబూ. రెగ్యులేటర్ అంటే ట్యాంకులో గాలిని ఊపిరికి అందించే సామాను, అందులో ట్యాంకుకి బిగించేది ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. ఫస్ట్ స్టేజ్ పనేంటంటే ట్యాంకులో 200 బార్ ప్రెజర్‌ని చుట్టూ నీటి ప్రెజర్ కంటే ఓ 9, 10 బార్ ఎక్కువ ఉండేలా తగ్గించి సెకండ్ స్టేజ్‌కి పంపడం, అన్‌బాలన్స్‌డ్, అంటే మామూలు పిస్టన్ రకంలో ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఆ ప్రెజర్ కూడా పడిపోయి ఊపిరి లాగడం బరువవుతుంది, బాలన్స్‌డ్‌లో చివరిదాకా ఒకేలా వస్తుంది. 20 మీటర్ల లోతులో గాలి పైకంటే మూడు రెట్లు చిక్కగా ఉంటది కదా, అక్కడ తెలుస్తుంది అసలు సంగతి. 12 మీటర్లు దాటనంటే మాత్రం మామూలుది చాలు, డబ్బులు దండగ.

నన్నడిగితే డయాఫ్రమ్ మోడల్, అంటే ఫస్ట్ స్టేజ్‌లో పిస్టన్ బదులు రబ్బరు పొర ఉండేది చూడు. నాగావళి, వంశధార బురద కలిసే సముద్రం మనది, డయాఫ్రమ్ అయితే ఇసుక లోపలి పార్టుల్లోకి పోదు. చలినీళ్ల కిట్ అని అదనంగా అమ్మితే వద్దను, అది 10 డిగ్రీల లోపు నీళ్లకి, మన దగ్గర అంత చలెక్కడిది!

రెగ్యులేటర్‌ని ట్యాంకుకి బిగించే పద్ధతులు రెండు, యోక్, డిన్ అని; యోకా డిన్నా అన్నది నువ్వు ట్యాంకులు అద్దెకి తెచ్చుకునే చోట అడిగాకే తేల్చుకో. సర్వీసింగ్ దగ్గర్లో ఎవరు చేస్తారో కూడా అడుగు, స్పేర్లు దొరకని మోడల్ ఎంత చవకైనా వద్దు.