మామిడికాయ తరిగితే పొక్కులు, తింటే మూతి మంట: మానాల్సింది పండా, తొక్కా?

మీరు రాసింది ఇదీ: ఆవకాయ పెట్టిన రెండో రోజు నుంచి వేళ్ల సందుల్లో దురద, చిన్న నీటిపొక్కులు. పండ్లు తిన్నాక మూతి చుట్టూ ఎర్రగా మంట. ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసిందంటున్నారు, పక్కింటివాళ్లు కార్బైడ్ అంటున్నారు. ఇక మామిడి మానేయాలా అని అడిగారు. మీ లక్షణాలు చూస్తే దూరంగా ఉంచాల్సింది తొక్కని, సొనని. ఇలాంటి బాధ ఉన్నవాళ్లలో చాలామంది గుజ్జు హాయిగా తినగలుగుతారు. నాకూ అచ్చం ఇదే సమస్య, అదీ మామిడి తోట ఉన్న ఇంట్లో పుట్టి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది నూజివీడు దగ్గర. కాయ ముచ్చిక విరిచిన క్షణంలో సొన ఎలా చిమ్ముతుందో చూడనివాళ్లకు దాని సంగతి తెలియదు. మొదట నీళ్లలా పల్చగా, టర్పెంటైన్ లాంటి ఘాటు వాసనతో వస్తుంది. ఆరాక జిగురుగా అంటుకుంటుంది. కాయ మీద కారిన చోటల్లా నల్లటి చార పడుతుంది, ఆ కాయకు ధర తగ్గుతుంది. అందుకే తెలిసిన కోతవాళ్లు చిక్కంతో దించేటప్పుడు కాస్త కాడ ఉంచి కోస్తారు. తర్వాత కాడ విరిచి, ముచ్చిక నేలవైపు ఉండేలా బోర్లించి సొన కారిపోనిస్తారు. కాయ తొక్కనే కాల్చే ఆ ద్రవం మన చర్మాన్ని వదిలిపెడుతుందా?

సొన రెండు రకాలుగా బాధ పెడుతుంది. చిక్కగా పడితే అప్పటికప్పుడే మండి, చర్మం కాలినట్టు అవుతుంది. ఇది ఎవరికైనా రావచ్చు. రెండోది అలర్జీ, మీది ఇదే అయి ఉంటుందని నా అనుమానం. సొనలోనూ తొక్కలోనూ రిసార్సినాల్స్ అనే నూనెలాంటి పదార్థాలు ఉంటాయి. శరీరం ఒకసారి వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే, తర్వాత తగిలినప్పుడల్లా రక్షణ కణాలు అక్కడికి చేరి దద్దురు, దురద, నీటిపొక్కులు తెప్పిస్తాయి. ఈ పనికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. చిక్కంతా ఈ ఆలస్యంలోనే ఉంది. సోమవారం కాయలు తరిగితే బుధవారం పొక్కులు వస్తాయి, మనం మాత్రం బుధవారం పొద్దున తిన్నదాన్నో వాడిన సబ్బునో అనుమానిస్తాం. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు వచ్చిందని కూడా అడిగారు. ఈ రకం అలర్జీ ఏ వయసులోనైనా మొదలవచ్చు. ఏళ్ల తరబడి ముట్టుకున్న వస్తువుకే రావడం మామూలే.

కార్బైడ్ సంగతి. క్యాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం, అలాంటి పండు కొనకపోవడమే మంచిది. ఆ పొడి చర్మాన్ని మండించగలదు కూడా. కానీ మా ఇంట్లో వరిగడ్డిలో ముగ్గేసిన పండ్లతోనే నా మూతి పొక్కేది. పైగా మీ చేతులు పొక్కింది పచ్చికాయలతో, వాటిని ఎవరూ మాగబెట్టరు కదా! ఇక వేడి అనే మాట. వేసవిలో వచ్చే సెగ్గడ్డలు వేరు. అవి బ్యాక్టీరియా వల్ల వచ్చి, చీము పట్టి నొప్పి పెడతాయి. ఇది దురద పెడుతుంది, సొన తగిలిన చోటే గీతలుగానో మచ్చలుగానో వస్తుంది. మజ్జిగ ఎంత తాగినా ఇది తగ్గదు.

నాకు రూఢి అయింది ప్యాచ్ టెస్టుతో. విజయవాడలో చర్మ వైద్యురాలు నా వీపు మీద తొక్క ముక్క ఒకచోట, గుజ్జు ఒకచోట పెట్టి పట్టీ వేశారు. రెండు రోజులయ్యాక తీసి చూశారు, ఆ తర్వాత మళ్లీ చూశారు. తొక్క పెట్టిన చోట ఎర్రగా ఉబ్బింది, గుజ్జు పెట్టిన చోట ఏమీ లేదు. దయచేసి ఇది ఇంట్లో చేసుకోకండి, ఎక్కువ తగిలితే పుండు పడుతుంది.

ఇప్పుడు తినే పద్ధతికి వద్దాం. మన రసాలు జుర్రుకునే పండ్లు. పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, పెదవులు తొక్కకు ఆనించి పీలుస్తాం. అంటే సొన ఎక్కడ ఎక్కువ ఉంటుందో సరిగ్గా అక్కడే మూతి పెడతాం. మా పెద్దమ్మ ముచ్చిక తీశాక మొదటి చుక్కలు పిండేసి, అక్కడ గుడ్డతో తుడిచిగానీ పిల్లల చేతికి పండు ఇచ్చేది కాదు. పండ్లను ముందే నీళ్ల గంగాళంలో వేసి ఉంచేది కూడా. నానబెట్టి బాగా రుద్ది కడిగితే పైన ఎండిన సొన చాలావరకు పోతుంది, తొక్క లోపలున్నది మాత్రం పోదు. అందుకే నేను రసాలు జుర్రుకోవడం మానేశాను. వేరేవాళ్లు కడిగి, తొక్క మందంగా తీసి, కత్తి మళ్లీ కడిగి కోసిన ముక్కలు చెంచాతో తింటాను. బంగినపల్లి ఇలా తినడానికి బాగుంటుంది. చిన్న రసం గుజ్జు గిన్నెలోకి పిండించుకుంటాను. జుర్రుకున్న రుచి రాదు, నిజమే, కానీ పండు దూరం కాలేదు. మీరు మాత్రం డాక్టర్ గుజ్జు ఫరవాలేదన్నాకే మొదలుపెట్టండి.

ఆవకాయ పనిలో కాయలు కడగడం కన్నా ఆ తర్వాతి పనే ఎక్కువ ప్రమాదం. ముక్కలు కొట్టాక జీడి తీసి, టెంక మీది పొర గీకి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడుస్తూ గంటల తరబడి కూర్చుంటాం. ఆ గుడ్డ నిండా సొనే. అదే చేత్తో చెమట తుడుచుకుంటే కనురెప్పల మీదా మెడ మీదా పొక్కులు వస్తాయి, దురద పాకిందనుకుంటాం. నీటిపొక్కు చితికితే వచ్చే రసి వల్ల ఇది పాకదు, ఇంట్లోవాళ్లకూ అంటదు. గోళ్ల కింద, కత్తి పిడి మీద, గుడ్డలో మిగిలిన సొనే పాకిస్తుంది. వీలైతే ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. తప్పదంటే మందపాటి వినైల్ గ్లవుజులు వేసుకోండి. పల్చటి రబ్బరువి ఇలాంటి నూనెలను అంతగా ఆపవు. సొన తగిలితే వెంటనే కాస్త కొబ్బరినూనె రాసి తుడిచి, ఆపైన సబ్బుతో గోళ్ల కింద దాకా కడగండి. ఊరిన ఆవకాయ తినొచ్చా అంటే, గుజ్జు వరకు నాకేమీ కాలేదు. తొక్క నమలను.

ఇప్పటికే వచ్చిన పొక్కులకు చల్లటి తడిగుడ్డ హాయినిస్తుంది. నిమ్మరసం, సున్నం జోలికి పోవద్దు. నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే కొత్తగా కాలిన మచ్చలు వస్తాయి. అలర్జీ మాత్రతో నిద్ర పట్టవచ్చు గానీ ఈ రకం దద్దురును అది ఆపలేదు. దీనికి పనిచేసేది స్టెరాయిడ్ క్రీమే. ఇక్కడ గట్టిగా చెప్పాలి: మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ ముఖానికి పూయకండి. చేతికి రాసే బలమైన మందు ముఖం మీద వాడితే చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేసిన వెంటనే ఇంకా మండుతుంది. మా బంధువుల అమ్మాయి అలా నెలల తరబడి బాధపడింది, చూడలేకపోయాం. ఏ చోటికి ఏ మందు, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి.

మామిడి ఒక్కటే కాదు, దాని చుట్టాలనూ గుర్తుపెట్టుకోండి. జీడిమామిడి, నల్లజీడి దీని కుటుంబమే. పలాస జీడి పరిశ్రమలో గింజలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే పెంకులోని నూనె ఏం చేస్తుందో తెలుస్తుంది, చర్మం నల్లబడి ఊడివస్తుంది. మనం తినే పప్పుకు ఆ పెంకు తీసేసి ఉంటుంది. చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టింది నల్లజీడి రసంతోనే, అది తగిలితే పుండే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో చుట్టం ఎదురవుతుంది, పాయిజన్ ఐవీ. మా తమ్ముడికి అక్కడ పెరట్లో ఆ తీగ తగిలి ఒళ్లంతా పొక్కింది. తర్వాతి వేసవిలో మామిడి తొక్క కూడా పడలేదు. ఆ తీగలోని ఉరుషియాల్ అనే నూనెకూ మామిడి తొక్కలోని రిసార్సినాల్స్‌కూ పోలిక ఉంది, శరీరం రెంటినీ ఒకటే అనుకుంటుంది.

వేరే పండ్లతో వచ్చే బాధలన్నీ ఇదే కాదు. అనాస తింటే నాలుక చురుక్కుమనడానికి అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఒక కారణం, అది అలర్జీ కాదు. రబ్బరు గ్లవుజులు, బెలూన్లు పడనివాళ్లలో కొందరికి అరటి, బొప్పాయి, కివీ, అవకాడో తిన్న నిమిషాల్లోనే నోరు దురద పెడుతుంది. ఇలాంటిది ఉంటే తప్పక డాక్టర్‌కు చెప్పండి. ఏ పండైనా సరే, తిన్న కాసేపటికే పెదవులు, నాలుక ఉబ్బినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, గొంతు బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్ర వేసి చూద్దామని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

మీకు అలాంటి లక్షణాలు లేవని రాశారు కాబట్టి టెన్షన్ పడకుండా చర్మ వైద్యుల అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆలోపు దద్దురు తగ్గిపోవచ్చు, అందుకని ఎర్రగా ఉన్నప్పుడే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ కాయ, ఏ రోజు ముట్టుకున్నారు, దురద ఎప్పుడు మొదలైంది అన్నది కూడా రాసుకుని వెళ్లండి, వాళ్లు మొదట అడిగేది అదే.