మార్చి డబ్బు, మిరుగు మొక్క

బిడ్డా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. గచ్చిబౌలి ఉద్యోగం మానేస్తున్నావట, అనంతగిరి గుట్టల కింద వాగు బాగుచేయడానికి గ్రాంటు అడుగుతున్నావట. ఆమెను సముదాయించాను గానీ, ఫోన్ పెట్టేశాక అరగంట నేనూ కుర్చీలోంచి లేవలేదు. అత్తాపూర్‌లో మా బాల్కనీ తలుపు తీస్తే మూసీ వాసన, దోమలు. ఇదే నీళ్లు అక్కడ గుట్టల్లో పుట్టి గండిపేట దాకా శుభ్రంగానే వస్తాయంటే మా పక్కింటివాళ్లు నమ్మరు. గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదలరంటారు. ఆ నీళ్ల వెంట పైకి పోయేవాళ్లు మన ఇంట్లో నా తర్వాత నువ్వే.

కాగితాల సంగతి నీకు తెలుసు. 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు తీసుకోవడానికి కావలసిన సీఎస్ఆర్-1 ఉన్న సంస్థతోనే కలువు. విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకపోతే విదేశీ డబ్బు మీద ఆశ పెట్టుకోకు. రిజర్వ్ ఫారెస్టులో పనికి అటవీ శాఖ అనుమతి, ఊళ్లో పంచాయతీ తీర్మానం. పని గుట్ట పైనుంచి కిందికి రావాలి. పైన కందకాలు, రాతి కట్టలు లేకుండా కింద చెక్‌డ్యామ్ కడితే అది ఒండ్రుతో పూడిపోతుంది.

ఇక నేను చేసిన తప్పు విను.

పాతికేళ్ల కింద మా సంస్థకు జూన్‌లో మంజూరైన డబ్బు జనవరి చివర్లో చేతికొచ్చింది. మార్చి 31 లోపు ఖర్చు కాకపోతే వెనక్కి ఇవ్వాలి. కందకాలు తవ్వించాం, కూలీ ఇచ్చాం, మొక్కల పద్దు మిగిలింది. మిరుగు కార్తె వానల దాకా గడువు ఇవ్వండని దాతలకు ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేదేమో. రాయలేదు. చేతగానిదాన్ననుకుంటారని టెన్షన్. ఇన్‌చార్జిని నేనే, ఆ మార్చి ఎండలోనే వాగు ఒడ్డున నాటించాను: కానుగ, నేరేడు, మద్ది, నాలుగు వేల మొక్కలు. ట్రాక్టరుతో నీళ్లు పోయించడానికి డబ్బు కూడా మార్చి దాకానే. ఏప్రిల్‌లో ఊరి ఆడవాళ్లు బిందెలతో మోశారు, కూలీ లేకుండా, నా మొహం చూసి.

ఒకరోజు వాళ్లలో ఒక పెద్దావిడ వంగి రెండు వేళ్లతో నేరేడు మొక్కను పట్టుకుని లాగింది. ఊడి వచ్చేసింది. వేర్లు ప్లాస్టిక్ కవర్ ఆకారంలోనే ముద్దగా ఉన్నాయి, ఒక్క పోగు కూడా బయటి మట్టిలోకి పోలేదు. "సచ్చినదానికి నీళ్లు వోస్తున్నమా అమ్మా?" అంది. తిట్టలేదు. బిందెలో నీళ్లు అక్కడే ఒంపేసి ఇంటికి పోయింది.

అప్పటికే, డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని రాసిచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేశాను. "నాటిన మొక్కలు: 4,000." అబద్ధం కాదు కదా, నాటాం. ఆడిటర్ ఒక్క ప్రశ్న వేయలేదు. మరుసటి ఏడు వానలు పడ్డాక పనికి పిలిస్తే ఆ పెద్దావిడ వీధిలోంచి ఒక్కరూ రాలేదు.

నీకు ఇప్పుడొక దారి ఉంది, మాకు లేదు. కంపెనీ బోర్డు నీ పనిని ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా, అంటే ఒక్క ఏడాదితో అయిపోని పనిగా ఒప్పుకుంటే, మార్చికి మిగిలిన సీఎస్ఆర్ డబ్బును 30 రోజుల్లో విడి ఖాతాలో వేసి, ఆపైన మూడేళ్లలో ఖర్చు పెట్టొచ్చు. మొదటి మీటింగులోనే ఈ మాట అడుగు. అడగడానికి సిగ్గుపడకు! చిన్నప్పుడూ ఇంతే, ఆకలితో కళ్లు తిరుగుతున్నా ఎవరింట్లోనైనా "వద్దండీ" అనేదానివి. నీ వెనక వంటింట్లోంచి నేనే అడిగి తెచ్చి పెట్టేదాన్ని.

బడ్జెట్‌లో మూడు ఎండాకాలాలకు నీళ్లు, కాపలా, చచ్చినచోట మళ్లీ నాటడం రాయి. ఫొటోల ఖర్చు తగ్గించు. సర్కారు తుమ్మ కొట్టించేముందు ఆ కట్టెలతో ఎవరి పొయ్యి వెలుగుతోందో కనుక్కో. మొదలు మిగిల్చావంటే మళ్లీ చిగురేస్తుంది, వేళ్లతో సహా పెకలించాలి.

శనివారం రా. ఆ పాత ఫైలు అటక మీద ఉంది, నా మోకాళ్లతో నిచ్చెన ఎక్కలేను, నువ్వే దింపాలి. ఆ సర్టిఫికెట్ నీకు చూపించాలి. పచ్చిపులుసు చేసి పెడతాను. మీ అమ్మను కూడా తీసుకురా, ఏడిస్తే ఇక్కడే ఏడుస్తుంది.

నీ పెద్దమ్మ